లీటరుకు ఇరవై రెండు

మా మావయ్య పోయారని ఫోను వచ్చేసరికి నేను పెట్రోలు బంకులో ఉన్నాను. ట్యాంకు నింపించి, తిరిగిన కిలోమీటర్లు లెక్కేసి, మళ్ళీ లీటరుకు పదమూడే వచ్చిందని ఆయన్నే తిట్టుకుంటున్నాను.

మీరూ ఎవరి మాటో నమ్మి చిన్న కారు కొనుంటే నా బాధ తెలుస్తుంది. అబర్డీన్ బజార్‌లో ఇనప సామాన్ల కొట్టు నడిపే మావయ్య, తన బండి లీటరుకు ఇరవై రెండు ఇస్తుందని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. నేనూ అదే బండి, అదే రంగుది కొన్నాను. పోర్ట్ బ్లెయిర్ ఎత్తుపల్లాల్లో అది పదమూడు దాటితే ఒట్టు. పెట్రోలు ఇక్కడ చవకే గానీ, ఉప్పుగాలికి సైలెన్సరు తుప్పుపట్టి రాలిపోతుంది. కొత్తది ఓడ మీద రావాలి. ఈలోపు బండి వీధంతా వినేలా అరుస్తుంటుంది.

అడిగితే ఆయనది ఒకటే జవాబు. "బండిదేటి తప్పు లేదురా. నీ కాలే బరువు." ఎత్తు మొదలయ్యే చోట ఏసీ కట్టేసి అద్దాలు దించమనేవారు. వండూర్ బీచికి వెళ్ళొచ్చేలోపు మా చొక్కాలు పిండుకోవాల్సి వచ్చేది. తీరా ఆయన పోయాక మెకానిక్‌ని అడిగితే, ఆయన బండీ పదమూడే ఇచ్చేదన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు ఎవరితో దెబ్బలాడను?

పెద్దకర్మ రోజున మావయ్య పక్కింటి పెద్దావిడ వచ్చి ఓ మూల కూర్చుంది. డయాలసిస్‌కి ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళేది మావయ్యే. ఈ పదిరోజులూ ఆటోలో ఎలాగో నెట్టుకొచ్చింది గానీ, ఇకమీదట ఎలా వెళ్ళాలో ఆవిడకు తెలియడం లేదు, ఎవరినైనా అడగాలంటే మొహమాటం.

"పెట్రోలుకి డబ్బులిస్తే తీసుకునేవోడు కాదు బేటా," అంది. "'వాసన చూపిస్తే చాలు, ఇరవై రెండు ఇచ్చేస్తాది, నువ్వెక్కు అప్పా' అనేవోడు."

అది విన్నా నా కోపం తగ్గలేదు. అసలు లెక్క పదమూడేనని ఓ ముక్క నా చెవిలో వేసుంటే వేరే బండి కొనుక్కునేవాణ్ణి కదా. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కసారి గట్టిగా పోట్లాడాలని ఎంతగా ఉందో చెప్పలేను.

తర్వాతి వారం ఆసుపత్రికి ఆవిణ్ణి నా బండిలో ఎక్కించుకున్నాను. కాస్త దూరం ముడుచుకుని కూర్చుని, మెల్లగా అడిగింది.

"నీ బండి ఎంతిస్తాది బేటా?"

"ఇరవై రెండు," అన్నాను.

ఆవిడ తేలిగ్గా వెనక్కి ఆనుకుంది. ఎత్తు మొదలవగానే, నేను చెప్పకుండానే, అద్దం దించేసింది.