ప్యాలెస్‌కి యంగ్‌నాన్ గీసిన లావు అక్షరాలు

సియోల్ నడిబొడ్డున ఉన్న అచ్చాఫీసుల సందులో కొన్నాళ్లుగా తక్ యంగ్‌నాన్‌ని ఎవరూ భోజనానికి పిలవడం లేదు. మధ్యాహ్నం ఎవరి కొట్లో పులుసు ఉడికితే వాళ్లు కేకేస్తారు, మిగతావాళ్లు గిన్నెలు పట్టుకుని వెళ్తారు. ఆ కేక ఆగిందంటే వెలివేసినట్టే.

కారణం, ఆమె గీసిన లావు అక్షరాలు.

పడుచుతనంలో ఒక పత్రికకి పతాక శీర్షికల కోసం గీసిందవి. నిలువు గీతలు దూలాలు, అడ్డగీతలు వెంట్రుకలు, ప్రతి గీత మొదట్లో గద్దముక్కులాంటి వంపు. చిన్నగా వేస్తే సిరా ముద్దలైపోతాయి. పెద్దగా వేస్తే రోడ్డవతలి మనిషిని కాలరు పట్టుకుని ఆపుతాయి. సైనిక పాలకుల ఫర్మానాలకి అవే, వాళ్లని దిగిపొమ్మన్న సమ్మె గోడపత్రాలకీ అవే. ఆ అక్షరాలకి నీతి లేదు, ఉన్నదల్లా గొంతే.

ఇప్పుడీ సందుని కూల్చి ‘ల్యూమెర్ ప్యాలెస్’ అనే ఫ్లాట్ల మేడ లేపబోయే కంపెనీకి ఆ గొంతు కావాలట. కొరియా లిపిలో ఏ అక్షరానికి ఆ అక్షరం విడిగా గీయాల్సిందే గనక, ఇన్నేళ్లలో ఏ శీర్షికకీ అక్కర్లేక ఆమె గీయని ఆ ‘ల్యూ’ కోసం కంపెనీ డైరెక్టర్ ప్యో స్వయంగా వచ్చాడు.

“గురువుగారూ, ఈ సందు ఆత్మని మేం కాపాడుతున్నాం,” అన్నాడు, బూట్లకి సిరా అంటకుండా మునివేళ్ల మీద నిలబడి.

ఒళ్లు మింగేసి ఆత్మని కాపాడతారట! దయ్యాలకి కూడా ఇంత తెగింపుండదు.

“బోర్డు ఎలా వేస్తారు బాబూ?”

“తెల్లటి పలక, నల్లటి అక్షరాలు, చుట్టూ సన్నటి నల్లంచు. హుందాగా ఉంటుంది.”

యంగ్‌నాన్ అతన్ని తేరిపార చూసింది. కాగితం పత్రిక తిరగేసిన మొహం కాదు. అందులో చావు కబుర్లు అచ్చం అలాగే పడతాయని ఎవరూ చెప్పలేదు కాబోలు.

“మీకు సరిగ్గా సరిపోతుంది,” అని కుంచె అందుకుంది.

బైండింగు కొట్టు పిల్‌సున్ సందులో నిలదీసింది. “మన గొయ్యి తవ్వేవాళ్లకి నువ్వు పార అందిస్తున్నావా అక్కా? సిగ్గెక్కడ పారేసుకున్నావ్?”

“ప్రారంభం రోజున అందరూ తెల్ల చేమంతులు తీసుకురండి.”

“ఎవరి శవానికి? నీదానికా?”

“వచ్చి చూడు.” అంతకుమించి చెప్పలేదు. ఈ సందులో మాట అచ్చు యంత్రం కంటే వేగంగా పరుగెడుతుంది, ప్యో చెవిన పడితే అంతే సంగతులు.

ఆ రోజు తెర జారింది. గోడంత తెలుపు, నల్లంచు, మధ్యలో ప్యాలెస్ పేరు. ఫ్లాట్లు కొనడానికి ఖరీదైన కోట్లు తొడుక్కొచ్చిన పెద్దలు బిగుసుకుపోయారు. ఓ ముసలావిడ అలవాటుగా తల వంచేసింది.

“మా నాన్న పోయిన కబురు ఇలాగే వేయించాం,” అన్నాడొకాయన భార్యతో. “పద, ఇంటికి పోదాం.”

పిల్‌సున్ నోరు తెరుచుకుని యంగ్‌నాన్ వైపు చూసింది. మరుక్షణం బోర్డు ముందు చేమంతులు పెట్టి, పోయినవాళ్లకి పెట్టినట్టే నేలకి రెండుసార్లు మొక్కింది. వెనకాల సందంతా వరసకట్టింది.

“అయ్యయ్యో, పుట్టకముందే పోయిందే ప్యాలెస్సు!”

“ఆపండి! ఏంటిది?” అని ప్యో అరుస్తూనే ఉన్నాడు, కార్లు వెళ్లిపోతూనే ఉన్నాయి.

సాయంత్రానికి బోర్డు పీకేశారు. కంపెనీ మాత్రం పోలేదు. ఇంకో అక్షరం తొడుక్కుని మళ్లీ వస్తుంది, ఆ జాతికి చావు కబురు కూడా అంటుకోదు.

మర్నాడు మధ్యాహ్నం పిల్‌సున్ కేక సందు ఈ చివరిదాకా వినబడింది.

“అక్కా! కిమ్చీ పులుసు పొంగిపోతోంది, గిన్నె తెచ్చుకో! ముందా చేతులు కడుక్కో, కంపెనీ కంపు కొడుతున్నాయి!”