నాగన్న వేలిముద్ర

చచ్చిపోయిన మనిషి చేత వేలిముద్ర వేయించినదాన్ని నేను. అదీ తొమ్మిదో తరగతిలో. ప్రొద్దుటూరు బజారులో నాకన్నా గట్టి బేరగాళ్ళు చాలామందే ఉంటారు గానీ, ఈ పని మాత్రం ఎవరూ చేసి ఉండరు. నాకు మొదటి బహుమతి కూడా వచ్చింది.

ఇలా గొప్పలు పోతే తప్ప మొదలుపెట్టలేకపోతున్నాను. నలభై ఏళ్ళుగా ఇది నా మీద ఉంది. మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళయితే ముఖం చూసి మాట మార్చేస్తాను. స్టీలు సామాన్ల అంగడిలో పుట్టి పెరిగినదాన్ని. ఎదుటి మనిషి ముఖాన్ని బట్టి ధర చెప్పడం నాకు అక్షరాలకన్నా ముందే వచ్చింది.

మాకు చరిత్ర పాఠం చెప్పే గ్రేసమ్మ టీచర్ జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. తాతల కాలంలో మిషన్‌లో చేరి, అప్పటినుంచీ పంతుళ్ళుగా బతికిన కుటుంబం వాళ్ళది. ఆ ఏడు ఆమె, చుట్టుపక్కల ఉన్న పాత కట్టడం ఏదైనా ఎంచుకుని దాని చరిత్ర రాసుకురమ్మన్నారు. ఒక్కటే షరతు. రాసిన ప్రతి సంగతి కిందా అది ఏ కాగితంలో చూశామో, ఏ మనిషి చెప్పాడో ఉండాలి. చెప్పిన మనిషి ఊరు, వయసు, సంతకం కావాలి. సంతకం రానివాళ్ళయితే వేలిముద్ర. ‘ఎవరో చెప్పారు’ అని రాస్తే చదవకుండానే వెనక్కి ఇచ్చేస్తానన్నారు.

నేను రాజుపాలెం వైపు ఒక పల్లెలో ఉన్న దిగుడుబావిని ఎంచుకున్నాను. అప్పటికే దాన్ని రాళ్ళతో పూడ్చేసి ఉన్నారు. ఎందుకు పూడ్చారని ఊళ్ళో ఎవరిని అడిగినా, ఎండిపోయింది గనక అని ఒకటే జవాబు. అసలు సంగతి చూసిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. మా నాయన. సైకిలు మీద గిన్నెలు కట్టుకుని పల్లెలు తిరిగే రోజుల్లో, ఊరంతా పనులకు పోయిన మిట్టమధ్యాహ్నం, ఆ ఊరి పెద్దాయన మనుషులు ట్రాక్టర్లతో రాళ్ళు తెచ్చి నీళ్ళున్న బావిలో పోయడం కళ్ళారా చూశాడు. అది ఊరందరి బావి. పూడ్చిన తర్వాత, చుట్టూ ఉన్న బీడంతా తన పట్టా అన్నాడు పెద్దాయన. అవతలి పార్టీవాళ్ళు కాదు, ఊరిదన్నారు. నేను ప్రాజెక్టు రాసే నాటికి ఆ తగవులో రెండు ప్రాణాలు పోయి ఉన్నాయి.

నాయన నాకు అన్నీ చెప్పాడు. పేరు రాస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు.

“నా పేరు రాస్తే రేప్పొద్దున అంగడి తలుపు తీసేదానికి ఉండదు పాపా. వాండ్లకూ మనమే గిన్నెలమ్ముతాండాము, వీండ్లకూ మనమే.”

“సచ్చిపోయినోళ్ళ పేరు రాస్తే?”

నాయన నా ముఖంలోకి చూశాడు. “ఎవురి పేరు?”

“గొర్రెల నాగన్న.”

ఆయన ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. “నువ్వు నా కూతురివే మే!”

ఆ నవ్వు నాకు బహుమతి కన్నా ఎక్కువగా అనిపించింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ కొంచెం గర్వంగానే ఉంది. ఏం మనిషిని నేను?

నాగన్నది ఆ ఊరే. ఆ బావి పక్క బీడులోనే గొర్రెలు మేపేవాడు. ఏడాదికొకసారి మా అంగడికి వచ్చి, ఒక చెంబు కోసం సగంపూట బేరమాడి, చివరికి కొనకుండా పోయేవాడు. బడి తెరిచి టీచర్ ఈ పని ఇచ్చిన కొద్ది రోజులకే, ఎండలింకా తగ్గకముందే, వడదెబ్బకు చనిపోయాడు. సొట్టల్లేని గిన్నెను ఏరినట్టు ఏరాను ఆయన్ని. చూసి ఉండే అవకాశం ఉంది, కనుక ఎవరైనా నమ్ముతారు. చనిపోయాడు, కనుక ఎవరూ ఏమీ చేయలేరు. పిల్లల్లేరు. భార్య లచ్చుమమ్మ ఉందని తెలుసు. ఆడవాళ్ళ జోలికి పోరని మా పక్క ఒక నమ్మకం ఉండేది. బాంబులు వేసుకునేవాళ్ళకు కూడా ఆ మర్యాద ఉందని పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. దాన్ని నమ్ముకుని ఆమె గురించి ఆలోచించడం మానేశాను.

అంగడిలో ఇంకు ప్యాడ్ ఉంది. ఎడమ బొటనవేలు నాది. వేలు చిన్నది కదా, గట్టిగా అదిమి, కొంచెం పక్కకు దొర్లించి, పెద్దవాడి వేలంత చేశాను. ఆయన చనిపోక ముందటి తేదీ వేశాను. నాయన చెప్పిన మాటలన్నీ నాగన్న చెప్పినట్టు రాసేశాను. అందులో ఒక్క సంగతీ అబద్ధం కాదు. చాలా ఏళ్ళు ఈ ఒక్క ముక్కనే పట్టుకుని వేలాడాను. చెప్పిన సంగతి నిజం, చెప్పిన మనిషి మాత్రమే అబద్ధం, అదంత పెద్ద తప్పా అని. ఎవరితో వాదించేదాన్ని? ఎదురుగా ఎవరూ లేరు. నాతోనే బేరమాడి నేనే గెలిచేదాన్ని.

గ్రేసమ్మ టీచర్ ఆ వేలిముద్ర దగ్గర కాసేపు ఆగారు. ఈ మనిషితో నువ్వే మాట్లాడావా అని అడిగారు. అవునన్నాను. జమ్మలమడుగులో పెట్టిన ప్రదర్శనకు నా ప్రాజెక్టును పంపించారు. బహుమతి అక్కడే వచ్చింది. ఎలక్షన్లు దగ్గర పడ్డ రోజులవి. అవతలి పార్టీ మనిషి ఎవరో దాన్ని చూసి, కాగితం మీదికి ఎక్కించుకుని పోయాడు. వారం తిరగకుండా రాజుపాలెం మీటింగులో మైకు పెట్టి చదివారు. ‘చచ్చిపోతూ నాగన్న ఇచ్చిన సాక్ష్యం’ అన్నారట. మా అంగడికి వచ్చినవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. ఒక్క రోజు, ఒక్క రోజే, పొంగిపోయాను.

పెద్దాయన మనుషులు మర్యాద తప్పలేదు. లచ్చుమమ్మను ఎవరూ ఒక్క దెబ్బ కొట్టలేదు. ఆమె గొర్రెలు ఆ పక్క ఏ చేలోనూ, ఏ బీడులోనూ కాలు పెట్టకూడదన్నారు, అంతే. ఊళ్ళో ఎవరూ ఎదురు చెప్పలేదు.

నాలుగైదు రోజులకు ఆమె బడికి వచ్చింది. టీచర్ నన్ను తరగతిలోంచి బయటికి పిలిచారు. వరండాలో, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

“నువ్వు స్టీలంగడి శెట్టి కూతురివి గదా పాపా?”

తలూపాను.

“బావి సంగతి ఆయప్ప నీతో చెప్పినాడా?”

టీచర్ నన్నే చూస్తున్నారు. “చెప్పినాడు” అన్నాను.

“యాడ?”

“మా అంగడి కాడ. చెంబు కొనేదానికి వచ్చినాడు గదా, అప్పుడు.”

ఆమె చెప్పులు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. తర్వాత నాతో కాదు, వరండా స్తంభంతో అన్నట్టు అంది. “ముప్పై ఏండ్లు సంసారం చేసినా. బావి ఎట్ల పూడిపాయ అని ఎన్ని తూర్లు అడిగినానో. ఎండిపోయిందిలే మే, ఊరుకో అనేటోడు. ఊరుగాని ఊర్లో నీకు చెప్పినాడు. నాకు చెప్పలా.”

నేను నేల చూశాను.

“శానాసేపు మాట్లాడినాడా?”

“ఊఁ.”

“నా గురించి ఏమన్నా అన్న్యాడా?”

ఇక్కడ ఆగి ఉండవచ్చు. ఏమీ అనలేదని చెబితే సరిపోయేది. కానీ ఆమె ముఖం చూశాను. ఏం కావాలో తెలిసిపోయింది. అంగడిలో నాకు ఎప్పుడూ తెలిసిపోయేది.

“గొర్రెలు నా మాట వినవు, మా ఇంటిది పిలిస్తేనే వస్తాయి అన్న్యాడు.”

ఆమె నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఔ. నేను పిలిస్తేనే వచ్చేటివి. దొంగసచ్చినోడు, నా ముందర ఒక్కనాడన్నా అనలేదే ఆ మాట!” కళ్ళు తుడుచుకుని టీచర్ వైపు తిరిగింది. “ఆ మాటలు ఆయప్పవి కావని ఊర్లో చెప్పమన్న్యారు టీచరమ్మా. కాదంటే గొర్రెల్ని రానిస్తారంట. అది అడిగిపోదామనే వచ్చినా. ఆయప్పవే అయినప్పుడు నేనెట్ల కాదనేది?”

ఒక్క మాట చెప్పాల్సింది నేను. ‘కావు’ అని. చెబితే ఆమె గొర్రెలు మర్నాడే బీడులోకి పోయేవి. ఎందుకు చెప్పలేదు? నాయన పేరు బయటపడుతుందని. బహుమతి పోతుందని. టీచర్ ముందు తల వంచాల్సి వస్తుందని. ఇవన్నీ నిజమే. వీటన్నిటికన్నా చిన్నదీ హీనమైనదీ ఇంకొకటుంది. ఆమె అంత సంతోషపడిన తర్వాత అబద్ధమని చెబితే నన్ను ఎలా చూస్తుందో ఆ చూపు నాకు వద్దు. ఆమె మెట్లు దిగి, చెప్పులు తొడుక్కుని, గేటు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. అంత దూరం నడిచిపోవడానికి ఎంత సమయం పడుతుందో మీకు తెలుసు. అంతసేపూ నోరు నా దగ్గరే ఉంది.

లచ్చుమమ్మ ఊళ్ళో నిలబడి, ఆ మాటలు మా ఆయనవే అని చెప్పిందట. ఆ మీదట మేత లేక గొర్రెల్ని వచ్చిన ధరకు అమ్మేసి, లింగాల దగ్గర చెల్లెలి ఊరికి పోయి, చెనక్కాయలు పీకే కూలికి కుదిరింది. మళ్ళీ ఎలక్షన్లకు రెండు పార్టీల పెద్దలూ రాజీపడి ఒకే జెండా కింద నిలబడ్డారు. బీడును సగం సగం పంచుకున్నారు.

గ్రేసమ్మ టీచర్ పోయాక, ఆమె పెట్టెలో నా ప్రాజెక్టు దొరికిందని ఈ మధ్య ఒక లెక్చరర్ ఫోన్ చేశాడు. మా జిల్లా పల్లెల మీద పుస్తకం రాస్తున్నాడట. బావి గురించి ఎక్కడా వేరే ఆధారం దొరకలేదు, నాగన్న మాటలే వేస్తున్నాను, ఆయన మీతో మాట్లాడింది నిజమేనా అని అడిగాడు. కాగితం వెనక టీచర్ పెన్సిలుతో ‘మళ్ళీ అడగాలి’ అని రాసుకున్నారట. ఆమె మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు.

లెక్చరర్‌కు పది రోజులు గడువు అడిగాను. ఈ కాగితాలే ఆయనకు పంపుతాను. చూసింది మా నాయన. రాసింది నేను. వేలు నాది.

పదేళ్ళ కిందట పులివెందులకు పెళ్ళి సామాన్లు దింపడానికి పోయినప్పుడు, అక్కడినుంచి లింగాల వెళ్ళి లచ్చుమమ్మ కోసం వెతికాను. క్షమించమని అడగడానికే పోయానా? ఏమో. ఆమె లేదన్న మాట వినగానే ముందు నాకు కలిగింది ఊరట. అదీ రాయాలి, రాస్తున్నాను. ఆమె చెల్లెలు మంచినీళ్ళిచ్చి, అక్క చివరిదాకా ఒకటే మాట చెప్పుకునేదంది. ప్రొద్దుటూరులో ఎవరో శెట్టి కూతురితో బావ తన గురించి గొప్పగా చెప్పాడట, గొర్రెలు తను పిలిస్తేనే వచ్చేవని. ఆ శెట్టి కూతుర్ని నేనే అని చెప్పకుండా, నీళ్ళు తాగి వచ్చేశాను.

ఇక లెక్క. నాకు వచ్చినవి ఒక సర్టిఫికెట్టు, చప్పట్లు, మూతపడని అంగడి. ఆ అంగడి మీదే మేం నలుగురం చదువుకున్నాం, దాన్ని చిన్నదని అనలేను. ఆమెకు పోయినవి గొర్రెల మంద, ఇల్లు, ఊరు, ముసలితనంలో పరాయి చేలల్లో నడుం వంచిన ఏళ్ళు. ఇవన్నీ నా వల్లనే పోయాయి. ఇందులో నాయనకు గానీ, పార్టీలకు గానీ నేను వాటా పంచను.

ఒక్కటి మాత్రం ఎటు వేయాలో తెలియడం లేదు. మొగుడు అనని మాటను ఆమె చచ్చేదాకా దాచుకుంది. ఆ మాట ఆమెకు నేనిచ్చినదా, ఆమె నుంచి నేను తీసుకున్నదా? ఇచ్చినదే అనుకుంటే లెక్క కొంచెం తేలికవుతుంది. అందుకే అలా అనుకోను. ఆ మాట కోసమే ఆమె ఊరు పోగొట్టుకుంది. దాన్ని కూడా నా బాకీలోనే వేస్తున్నాను. రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. బాకీ తీరలేదు, తీర్చుకోవడానికి మనిషి లేదు. మొత్తం ఇంతే, ఏదీ దాచలేదు.