ఏడో తరగతి లేని అక్క

నా చిన్నప్పుడు బయ్యారం దగ్గరి మా ఊళ్లో, మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. ఊరికి అవతలి తండా ఆమె పుట్టిల్లు. భర్త ఇనుపరాయి తవ్వే పనికి పోయేవాడు. ఇంట్లో వాళ్లు లంబాడీ మాట్లాడుకునేవారు, గడప దాటితే తెలుగు. మా అమ్మ పొలం నుంచి వచ్చేసరికి నేను వాళ్లింట్లో జొన్నరొట్టె తిని, అక్క ఒళ్లో తల పెట్టుకుని పడుకుని ఉండేదాన్ని. అలా ఆ భాష నాకూ అబ్బింది.

ఊళ్లో చిన్న దవాఖాన ఉండేది. తండా ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వస్తే వాళ్ల మాట డాక్టరమ్మకు తెలిసేది కాదు, ఆమె మాట వాళ్లకు తెలిసేది కాదు. కాంపౌండర్ అక్క వాళ్ల వాకిట్లోకి వచ్చి ఆమెను కేకేసేవాడు. పిండి చేతులతోనే ఆమె లేచి వెళ్లేది. అదొక ఉద్యోగమని ఆమెకూ తోచలేదు, మాకూ తోచలేదు.

ఆ ఎండాకాలం రాయి పని ఆగిపోయింది. భూపాలపల్లి వైపు కూలికి పోదామని ఆమె భర్త పట్టుబట్టాడు. సరిగ్గా అప్పుడే దవాఖానకు ఆయా కావాలని పైనుంచి కాగితం వచ్చింది. ఆ పని దొరికితే అక్క ఇక్కడే ఉంటుంది, లేకపోతే వెళ్లిపోతుంది. నాకు కావలసిందల్లా ఆమె ఉండిపోవడమే. కాగితంలో మాత్రం ఏడో తరగతి పాసై ఉండాలని, తెలుగు చదవడం రాయడం రావాలని ఉంది. లంబాడీ ఊసే లేదు.

అక్క బడి మొహం చూసింది కాదు. నేను ఐదో తరగతి. పంతులమ్మను కావడానికి ఇంకేం కావాలి! రోజూ మధ్యాహ్నం నా పలక ముందేసి ఆమెను కూర్చోబెట్టేదాన్ని. తప్పు రాస్తే మా సారు నన్ను కసిరినట్టే కసిరేదాన్ని. ఆమె నవ్వుతూ తుడిచి మళ్లీ రాసేది. రెండు నెలలు తిరిగేసరికి పేరు రాసింది, దవాఖాన బోర్డు కూడబలుక్కుని చదివింది. ఉద్యోగం మా అక్కదేనని ఊరంతా చాటి వచ్చాను. చదవడం వస్తే చాలనుకున్నాను గానీ, చదివినట్టు కాగితం చూపించాలని నాకేం తెలుసు?

ఎంపిక రోజు మానుకోట నుంచి ఏడో తరగతి పాసైన ఒకామె వచ్చింది. ఆమె, అక్క వరండాలో బల్ల మీద కూర్చున్నారు. నేను అక్క కొంగు పట్టుకుని పక్కనే ఉన్నాను. ఇంతలో ఒళ్లు కాలిపోతున్న పిల్లాణ్ని ఎత్తుకుని తండా నుంచి ఒక తల్లి వచ్చింది. డాక్టరమ్మ పిల్లాణ్ని చూసి రెండు గోలీలు ఇచ్చి, ఎలా వేయాలో చెప్పమని కొత్తామెను పురమాయించింది. సగం గోలీ నీళ్లలో నలిపి పొద్దున, సాయంత్రం పట్టాలని ఆమె తెలుగులోనే చెప్పింది. తల్లి బిత్తరపోతే ఇంకాస్త గట్టిగా చెప్పింది. "సమజైందా?" అనగానే తల్లి తల ఊపింది. దవాఖానలో పెద్దవాళ్లు అడిగితే మా వైపు తల ఊపనివాళ్లు ఎవరు?

అక్క లేచి ఆ తల్లి పక్కన నేల మీద కూర్చుంది. మందు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఇంటికి పోయి ఏం చేస్తావో ముందు నువ్వు నాకు చెప్పు అని లంబాడీలో అడిగింది. రెండు గోలీలూ ఒకేసారి మింగిస్తానంది ఆ తల్లి. అక్క ఒక గోలీని గోటితో విరిచి చూపింది. మళ్లీ చెప్పించింది. చెంచాలో నలిపి చూపేదాకా ఆమెను కదలనివ్వలేదు.

డాక్టరమ్మ అదంతా చూసింది. అయినా పేరు మాత్రం మానుకోట ఆమెదే రాసింది.

"నువ్వే ఉండాలని నాకూ ఉందమ్మా. సర్టిఫికెట్ లేకుండా నీ పేరు పంపితే పైవాళ్లు ఒప్పుకోరు" అని అక్క చెయ్యి పట్టుకుంది. నేను ఇంటికి వచ్చి పలకను బండకేసి కొట్టాను.

భూపాలపల్లి ప్రయాణానికి ఇంకా పది రోజులు ఉన్నాయి. ఆ పది సాయంత్రాలూ అక్క ఆ కొత్తామెను తన అరుగు మీద కూర్చోబెట్టుకుని లంబాడీ నేర్పింది. నొప్పిని ఏమంటారు, ఎప్పటినుంచి అని ఎలా అడగాలి, మళ్లీ చెప్పు అని ఎలా అనాలి. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ నౌకరీ గుంజుకున్నామెకు నేర్పుతున్నవా?" అని ఏడుస్తూ అరిచాను.

అక్క నన్ను దగ్గరికి లాక్కుంది. "నౌకరీ నాది గాకపోతే గాకపాయె. జెరమొచ్చే పోరగాండ్లు మా తండోళ్లే గద బిడ్డా. నేను పోయినంక గూడ వాళ్లను అడిగేటోళ్లు ఒకలు ఉండాలె గద."

తర్వాత వెళ్లిపోయింది. భూపాలపల్లి వైపే చెల్పూర్ దగ్గరెక్కడో పనిచేస్తున్నారని ఒకసారి విన్నాం. ఆ తర్వాత ఆ కబురూ లేదు.

పెద్దయ్యాక ఉద్యోగంలో చేరి, దవాఖానలకు పనివాళ్లను ఎంపిక చేసే బల్ల వెనక నేనే కూర్చున్నాను. డాక్టరమ్మ అన్న మాటే నేనూ చాలామందితో అన్నాను, ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది. కాకపోతే కాగితాలన్నీ చూశాక, తండా నుంచి ఒకామెను పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టి, ఈమెతో మాట్లాడండి అనేదాన్ని. కొందరు అరిచేవారు. ఎవరో ఒకరు నేల మీద కూర్చునేవారు.

ఇప్పుడు మోకాళ్ల నొప్పులకు నేనే జనగామలో దవాఖానకు వెళ్తున్నాను. డాక్టరు గబగబా చెప్పి, అర్థమైందా అంటాడు. నేనూ తల ఊపుతాను. బయట బల్ల మీద కూర్చుని గోలీలు ఒళ్లో పెట్టుకుని, ఏది ఎప్పుడు వేసుకోవాలో అక్కకు అప్పజెప్పినట్టు లంబాడీలో చెప్పుకుంటాను. మధ్యలో ఏదో ఒక మాట గుర్తుకు రాదు. "మల్ల చెప్పు బిడ్డా" అని ఆమె అంటుందేమోనని కాసేపు ఆగి, మళ్లీ మొదటి నుంచి చెబుతాను.