పుచ్చు వంకాయల సాక్ష్యం

కొళాయి దగ్గర మా నాయనమ్మకీ, ఎదురింటి రైల్వే మామ్మకీ పోట్లాట జరగని రోజు, ఉక్కు ప్లాంటు కార్మికులుండే క్యాంప్ వన్‌లో మా గల్లీ సరిగా నిద్రలేచేది కాదు. రైల్వే మామ్మ భర్త గూడ్సు గార్డుగా రిటైరై ఆ చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. ఆవిడకి ఆదివారం చర్చి, మిగతా రోజులన్నీ మా నాయనమ్మ.

"ఒలే, నిన్న నువ్వమ్మిన వంకాయల్లో సగం పుచ్చులే! కళ్లు కనపడవా ఏటి?" అంటూ ఆవిడ బిందె పెట్టేది.

"పురుగు కూడా ముట్టని వంకాయ నువ్వేటి తింటావే? మందు కొట్టనేదని సంతోషించు" అంటూ నాయనమ్మ ఆ బిందె పక్కకి జరిపేది.

ఆ వంకాయలు ఉతై అనే పల్లె దగ్గరి పొలంలోవి. పొలం మాది కాదు, దావూజీది. ఇక్కడి పల్లెల్లో భూస్వామిని అలాగే అంటారు. ప్లాంటులో పనిచేసి రిటైరైన తాతయ్య పోయాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక నాయనమ్మ ఆ పొలాన్ని పాలికి తీసుకుంది. అంతా నోటిమాట ఒప్పందమే. విత్తనం, చాకిరీ ఆవిడవి; పంటలో సగం ఆయనది. నాన్నకి ప్లాంటు జీతం ఉంది కాబట్టి ఆవిడ పండిస్తే తప్ప గడవని ఇల్లు కాదు మాది. కానీ శ్రీకాకుళం వైపు పుట్టి, పెళ్లికి ముందు ఎవరి చేలోనో కలుపు తీసి, పెళ్లయ్యాక ఈ ప్లాంటు కట్టేటప్పుడు మట్టి మోసిన మనిషి, ఏం నాటాలో తనే అనుకుని నాటడం ఆ ముసలితనంలోనే మొదటిసారి. పొలం మాటెత్తితే చాలు, ఆవిడ ముఖం వెలిగిపోయేది. పొద్దున్నే టెంపో ఎక్కి వెళ్లేది, మధ్యాహ్నానికి గంపతో దిగేది.

తొంభైల్లో ఉతై రోడ్డు పక్క భూములకి గిరాకీ పెరిగింది. ఇటుకల బట్టీ పెట్టుకుంటామని ఎవరో దావూజీని అడిగారు. ఒకరోజు నాయనమ్మ వెళ్లేసరికి పొలం చుట్టూ ముళ్లకంప, గేటుకి తాళం. లోపల వంగతోట విరగకాసి ఉంది. "నువ్వు కూలికొచ్చే దానివి, ఇక రానక్కర్లేదు" అని దావూజీ మనిషి చెప్పాడట. ఖాళీ గంపతో ఇంటికొచ్చిన నాయనమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఇన్నాళ్లూ నాను కూలిదాన్నట్రా?" అని నాన్నని పదేపదే అడిగింది. పొలం పోయినదానికన్నా ఆ మాటకే ఎక్కువ ఏడిచింది.

నాన్న దుర్గ్ వెళ్లి ఒక వకీలుని కలిసొచ్చాడు. సాగు చేస్తున్న రైతుని చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఇలా తాళం వేసి గెంటడానికి వీల్లేదనీ, గెంటితే పొలం తిరిగి ఇప్పించమని తహసీల్దారుని అడగొచ్చనీ ఆయన చెప్పాడు. కాకపోతే ఆవిడ రైతేనని రుజువు కావాలి. కూలిదని తేలిందా, కేసే లేదు. అయినా నాన్న అర్జీ పెట్టేశాడు.

దావూజీ చేతులు ముడుచుకుని కూర్చుంటాడా? తన మనిషిని మా గల్లీకి పంపాడు. అతను పొద్దున్నే వచ్చి కొళాయి దగ్గర నిలబడి చెవులారా విన్నాడు. ఇంకేం, కోరుకున్న సాక్షి దొరికింది! "మీరేమీ కల్పించక్కర్లేదమ్మా, ఉన్నది చెప్తే చాలు" అన్నాడట రైల్వే మామ్మతో.

"ఉన్నదే సెప్తాను. అబద్ధమాడి ఆదివారం సర్చిలో ఏ మొకంతో కూకుంటాను?" అందట ఆవిడ.

ఈ కబురు మా ఇంటికి చేరింది. "ఒక్కసారి వెళ్లి మాట్లాడండి అత్తయ్యా" అని అమ్మ బతిమాలింది.

"దాని గడప తొక్కను. పొలం పోతే పోనీ" అంది నాయనమ్మ. అంటూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా ఇంట్లో ఆడవాళ్ల మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పాలా?

విచారణ రోజు బడి ఎగ్గొట్టి నేనూ తహసీల్దారు ఆఫీసుకి వెళ్లాను. రైల్వే మామ్మ ఇస్త్రీ చీర కట్టుకుని దావూజీ జీపులోంచి దిగింది. మా వైపు చూడనైనా చూడలేదు. ఆవిణ్ని పిలిచాక దావూజీ వకీలు లేచాడు.

"ఈవిడకీ మీకూ పడదు కదా?"

"పడదు."

అక్కడితో ఆపేసి ఉంటే ఆయన బాగుపడేవాడు. ఆపలేదు.

"ఎందుకు పడదు?"

రైల్వే మామ్మ హిందీలో మొదలుపెట్టింది, కోపం ముదిరాక తెలుగులోకి దిగింది. తహసీల్దారు తెల్లమొహం వేస్తే, మళ్లీ అదంతా హిందీలో ఇంకా గట్టిగా చెప్పింది.

"ఎందుకేటి బాబూ! ఏటేటా పుచ్చొంకాయలు అంటగడతాది. టమాటాలు వొద్దే, కుళ్లిపోతాయే అంటే ఇనదు. పాలకూర వెయ్యమని దావూజీ సెప్పినా ఇననేదట. తనకేటి తోస్తే అదే నాటతాది!"

తహసీల్దారు నవ్వు ఆపుకున్నాడు. "పొలం దావూజీది కదమ్మా. కూలికి వెళ్లే మనిషిని తిడితే ఏం లాభం?"

"కూలిదా?" ఆవిడ నడుం మీద చెయ్యేసుకుంది. "పంట పుచ్చితే కూలిదాన్ని ఎవరైనా తిడతారా బాబూ? నాటింది ఇది, నీరెట్టింది ఇది, వానకి తోట పోతే గల్లీలో కూకుని ఏడిసింది ఇది. ఇన్నేళ్లూ నాను తిట్టింది ఆసామిని! కూలిదైతే ఒక్క మాటనుదునా?"

నాకు నవ్వాగలేదు. నాన్న నా తొడ మీద గిల్లాడు. నాయనమ్మ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆ శత్రువు వైపే కన్నార్పకుండా చూస్తోంది.

దావూజీ జీపు రైల్వే మామ్మని వదిలేసి వెళ్లిపోయింది. ఆవిడ మాతోపాటే టెంపోలో వచ్చింది. దారి పొడుగునా ఇద్దరూ చెరో వైపుకి తిరిగి కూర్చున్నారు.

ఆ సాక్ష్యం ఒక్కటీ సరిపోలేదు లెండి. ఊరి భూముల లెక్కలు చూసే పట్వారీ పొలానికి వెళ్లి చుట్టుపక్కల రైతుల్ని కూడా అడిగాడు. చివరికి పొలం ఆవిడకి తిరిగి అప్పగించమనీ, చట్టప్రకారం తప్ప కదపకూడదనీ తహసీల్దారు ఉత్తర్వు ఇచ్చాడు. తాళం తీసేసరికి కాయలన్నీ ముదిరి పసుపెక్కాయి. నాయనమ్మ వాటిని కోసి పారేసి, మొక్కలకి నీరు పెట్టి, మళ్లీ పూత రప్పించింది.

మొదటి కోతలో నవనవలాడే కాయలు ఏరి, గంపలో పెట్టుకుని, తొక్కనన్న గడప తొక్కింది. నేనూ వెనకాలే వెళ్లాను. రైల్వే మామ్మ ఒక్కో కాయనీ తిప్పి తిప్పి చూసింది.

"ఎంతకిస్తావ్?"

"డబ్బులేటే? ఊరికే తీసుకో."

రైల్వే మామ్మ గంపని వెనక్కి నెట్టేసింది.

"ఊరికే తీసుకుంటే, రేపు పుచ్చులొస్తే నిన్ను ఏ మొకం పెట్టుకుని తిట్టనే? డబ్బులు తీసుకో!"

నాయనమ్మ నవ్వుతూ చెయ్యి చాపింది.