ఎర్రనీళ్ల సీసా

పెద్దమ్మ పోయిందని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నాకు ఏడుపు రాలేదు. "ఆఖరికి ఏం సూది వేశారు?" అని అడిగాను. అడిగాక నాకే సిగ్గేసింది. ఈ అనుమానం ఆమె పెట్టిన భిక్షే.

మా అమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయాక నన్ను పెంచింది అమ్మ సొంత అక్క, ఈ పెద్దమ్మే. గొల్లపల్లి నుంచి పెళ్లి చేసుకుని బస్తర్ ఇనుప గని కాలనీకి వచ్చింది. మీరు చూసి ఉంటే నవ్వేవారు. మాత్ర ఇస్తే వాసన చూసేది. కూరగాయలామె కొసరు వేస్తే, ఎందుకు వేసిందోనని ఆ కొసరునే తిప్పి తిప్పి చూసేది. గని మట్టితో వాగు కొండ మీంచి ఎర్రగా దిగేది కాబట్టి నన్ను అందులో కాలు పెట్టనిచ్చేది కాదు.

అడ్డాకు విస్తళ్లు కుట్టడంలో ఆమెను మించినవాళ్లు కాలనీలో లేరు. నలభై దాటగానే ఆ వేళ్లలో పుల్ల నిలవడం మానేసింది. వణుకు జబ్బు, పార్కిన్సన్స్ అన్నారు. గని ఆసుపత్రి డాక్టరమ్మ మా అమ్మ సంగతి కూడా విన్నది.

"పార్కిన్ అని ఒక జన్యువు ఉంటుందమ్మా. కణంలో పాడైనవాటిని ఊడ్చేసే పని దానిది. అది చెడితే మెదడులో కణాలు చచ్చిపోతాయి. ఇంకోచోట కణాలు అదుపు తప్పి పెరగడానికీ అదే కారణం కావచ్చంటున్నారు. రక్తం రాయ్‌పూర్ పంపిస్తే కొంత తెలుస్తుంది. అమ్మాయికీ పనికొస్తుంది."

పెద్దమ్మ చెయ్యి కొంగులో దాచుకుంది. మర్నాడు సీసా నిండా వాగు నీళ్లు తెచ్చి డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది.

"రెండూ చూడుండ్రి. ఒక్క రక్తమే చూస్తే తప్పంత నా రక్తందే అంటరు."

"నీళ్లు పంపే వీలు మాకు లేదమ్మా."

"ఎట్లుంటది? గని మీదే, అస్పతాల్ మీదే."

సీసాతో ఇంటికొచ్చేశాం. నాకు ఒళ్లు మండిపోయింది. నా ఒంట్లో ఏముందో తెలియకుండా ఎన్నాళ్లు బతకాలని అరిచాను. ఆమె సీసాను కిటికీలో పెట్టింది.

పోయిన ఎండాకాలం మంచం పట్టాక తనే పిలిచింది. "బిడ్డా, ఆ డాక్టరమ్మను రమ్మను. వాళ్ల కోసం కాదు, నీ కోసం ఇస్తున్న. నీళ్ల సంగతి మాత్రం మర్వకు."

ఆ జన్యువులో లోపం దొరికింది. "నీళ్ల సంగతి దీంతో తేలదు" అని డాక్టరమ్మే అంది. పెద్దమ్మ మొదటిసారి ఆమె ముఖంలోకి నేరుగా చూసింది.

ఇప్పుడు నా వంతు. రేపు రాయ్‌పూర్ వెళ్తున్నాను. భయంగా ఉంది. టీ గ్లాసు పట్టుకున్న ప్రతిసారీ నా వేళ్లనే అనుమానంగా చూసుకుంటున్నాను. పక్కన పెద్దమ్మ ఉంటే బాగుండేది.

సీసా ఇంకా పెద్దమ్మ ఇంటి కిటికీలోనే ఉంది. మట్టి అడుగున పేరుకుని పైన నీళ్లు తేటగా ఉన్నాయి. తెలియనివాళ్లు తాగేస్తారు. సంచిలో పెట్టుకుందామని ఎత్తాను. నా చేతిలో నీళ్లు మళ్లీ ఎర్రబడ్డాయి.