సోఫాలో మూడో చోటు

మా హాల్లో సోఫా ముగ్గురు కూర్చునేది. టీవీలో పూల్ పోటీలు వచ్చిన వారంలో మాత్రం దాని మీద ఇద్దరే కూర్చున్నారు. మధ్యలో మా ఆయన, కిటికీ వైపు మరిది, అంటే మా చెల్లెలి భర్త. నేను వంటగదిలో నిలబడ్డాను. నన్నెవరూ కసిరి పంపలేదు, బతిమాలి పంపారు. ఒళ్ళు మండేది అందుకే.

మా ఆయనకు కాలేజీ రోజుల నుంచీ పూల్ పిచ్చి, బల్ల మీద బంతుల్ని కర్రతో కొట్టే ఆట. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మేడ మీద రెండు బల్లలున్న క్లబ్బుకు ఇప్పటికీ ఆదివారాలు వెళ్తారు. పెళ్ళైన కొత్తలో నాకూ నేర్పమని అడిగితే, అక్కడంతా మగవాళ్ళే ఉంటారులే అన్నారు. ఊరుకున్నాను. ఏడాదికోసారి ఐరోపా జట్టుకూ అమెరికా జట్టుకూ జరిగే పోటీని ఆయన ఒక్కరే కూర్చుని చూసుకునేవారు. దాని గురించి నాకేమీ పట్టింపు లేదు. ఈసారి మైలవరం నుంచి మరిది దిగాడు. ట్రాక్టరు విడిభాగాల కొట్టుకు సరుకు కొనాలన్నది వంక. సరుకు కొనడానికి వారం ఎందుకో నాకిప్పటికీ తెలియదు. చిక్కుడుకాయల సంచీ నా చేతిలో పెట్టి, తిన్నగా వెళ్ళి టీవీ ముందు కూర్చున్నాడు.

పోటీ అమెరికాలో. అక్కడి రాత్రి ఆట మనకు పాలు కాచుకునే వేళకు మొదలయ్యేది. మొదటి రోజు కాఫీ గ్లాసుతో నేనూ మా ఆయన పక్కన మూడో చోట్లో కూర్చున్నాను. ఆట అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. బల్ల మీద తొమ్మిది బంతులు. ఉన్నవాటిలో చిన్న అంకెను తెల్ల బంతితో ముందు తాకాలి. తొమ్మిదో బంతిని బల్ల అంచునుండే పాకెట్‌లో వేసినవాళ్ళది గేమ్. ఐదు గేములు ముందు గెలిస్తే ఒక మ్యాచ్, పదకొండు మ్యాచ్‌లు ముందు గెలిచిన జట్టుది కప్పు. ఒకడు ఆడుతుంటే మిగిలినవాళ్ళు బెంచీ మీద ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. బంతి పడగానే బెంచీ మొత్తం లేస్తుంది, జనం డప్పులు కొట్టి పాటలు పాడతారు. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. రోజూ బోర్డు మీద నేను గీసే బాణాలన్నీ బల్ల మీది నీలం గుడ్డ మీద పరుగెత్తుతుంటే, నిజం చెప్పొద్దూ, కాఫీ చల్లారిపోయినా చూసుకోలేదు.

అంతలో మనవాళ్ళు వరసగా తప్పడం మొదలుపెట్టారు. మనవాళ్ళంటే ఐరోపా జట్టు. వాళ్ళు మనకెప్పుడు చుట్టాలయ్యారో మా ఆయనే చెప్పాలి. నేను స్టవ్ కట్టడానికి లోపలికి వెళ్తే ఒక గేమ్ గెలిచారు. తిరిగొచ్చి కూర్చుంటే పోగొట్టుకున్నారు. మరిది గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకండి వదినగారూ, మీరు లోపలుంటే మనోళ్ళు గెలుస్తున్నారండీ. ఈ ఒక్క గేమూ చూద్దామండీ."

క్రికెట్ మ్యాచ్‌కు ఇది అందరిళ్ళలోనూ మామూలే. మన జట్టు బాగా ఆడుతుంటే ఎక్కడివాళ్ళు అక్కడే, కాలు కూడా మార్చకూడదు. మా ఆయన కాదంటారేమోనని చూశాను. ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపారు. వెళ్ళాను. వాళ్ళు గెలిచారు. దాంతో నా పాదం సంగతి తేలిపోయింది. బంతుల తాకిడి పాఠం చెప్పేదాన్ని, విజయవాడలో నేను కూర్చుంటే అమెరికాలో బంతి దారి తప్పుతుందంటే తలూపి లేచాను. మర్నాడు కాఫీలిద్దామని గడప దాటబోతుంటే టీవీలో ఒకడు తప్పాడు, నా కాలు దానంతటదే వెనక్కి వచ్చింది. అంతకన్నా సిగ్గుచేటు ఇంకోటి లేదు.

మరిదంటే నాకు కుళ్ళు పుట్టింది. దానికి వేరే పేరు పెట్టను. నేను ఏం చెప్పినా ఊ అని ఊరుకునే మా ఆయన, ఆ మరిదితో ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్నారు. తెల్ల బంతి ఎక్కడ ఆగాలో, కర్ర బంతికి కిందగా తగిలితే ఏమవుతుందో, తాను క్లబ్బులో ఎప్పుడు ఎలా తప్పారో అన్నీ చెబుతున్నారు. ఆయన అంత నవ్వడం నేను చూసి ఎన్నాళ్ళైందో. ఒకసారి హాల్లోంచే కేకేసి, వాడి కాఫీలో చక్కెర తక్కువ వెయ్యమన్నారు. నేను చక్కెర మానేసి ఏడాదైంది, ఆయనకు తెలియదు.

మూడో రోజు ఫోన్‌ను పోపులపెట్టెకు ఆనించి, శబ్దం లేకుండా పెట్టి, నేనూ చూడటం మొదలుపెట్టాను. జంటల ఆట వచ్చింది. అందులో ఒకే జట్టు వాళ్ళిద్దరూ ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి. తన బంతి వేసుకుంటే చాలదు, పక్కవాడికి వీలుగా తెల్ల బంతిని ఆపి పెట్టాలి. కుదరకపోతే పక్కవాడు విసుక్కోడు, వెళ్ళి భుజం తట్టి వస్తాడు. వాళ్ళను చూసినా కుళ్ళే వచ్చింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, రేపు ఏమవుతుందోనని ఎదురుచూసే స్థితికి వచ్చాను.

అప్పుడే ఇంకో సంగతి కనిపెట్టాను. నా ఫోన్‌లో ఆట టీవీ కంటే ముందు వస్తోంది. ఇక్కడ బంతి పడ్డాక, నేను అట్టు తిరగేసేంత సేపటికి హాల్లో కేకలు వినిపించేవి. వాళ్ళకంటే ముందు నాకు తెలుస్తోందన్న సంతోషం కాసేపు ఉండేది. ఎవరితోనూ చెప్పుకోలేని సంతోషం, ఎంతసేపుంటుంది?

చివరి రోజు రెండు జట్లూ పది పది మ్యాచ్‌ల మీద నిలిచాయి. ఆఖరి మ్యాచ్‌లోనూ మిగిలింది ఒక్క గేమే. హాల్లో చప్పుడు లేదు. ఫోన్‌లో మనవాడు ఎనిమిదో బంతి వేశాడు కానీ, తెల్ల బంతి అనుకున్న దానికంటే ముందుకు దొర్లింది. తొమ్మిదో బంతిని కొడితే అది పాకెట్ అంచున ఊగి, అక్కడే ఆగిపోయింది. అమెరికావాడు కుర్చీలోంచి లేస్తున్నాడు. పోయింది. ఆ కబురు హాల్లోకి ఇంకా చేరలేదు. చేరినప్పుడు మా ఆయన పక్కన నేనుండాలి, మరిది కాదు. నాకు ఆ క్షణంలో తోచింది అదే. స్టవ్ కట్టి, ఫోన్ చేత్తో పట్టుకుని, వెళ్ళి మూడో చోట్లో కూర్చున్నాను.

టీవీలో తొమ్మిదో బంతి అంచు దాకా వెళ్ళి ఆగింది.

"వదినగారు కూర్చున్నారు, అయిపోయింది," అన్నాడు మరిది.

మా ఆయన నా వైపు తిరిగారు. ఆ చూపులో ఉన్నది కోపమే. "ఒక్క నిమిషం ఆగలేకపోయావా?"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫోన్ ఆయన మొహం ముందు పెట్టాను. అందులో అమెరికా జట్టు అప్పటికే ఒకరి మీద ఒకరు పడి గంతులేస్తోంది. టీవీలో అమెరికావాడు ఇంకా కర్రకు సుద్ద రాసుకుంటున్నాడు.

"నేను కూర్చోకముందే పోయిందండీ. చూడండి."

ఆయన ఫోన్ చూశారు, టీవీ చూశారు, మళ్ళీ ఫోన్ చూశారు. టీవీలో తొమ్మిదో బంతి పడేటప్పటికి ఆయన దాన్ని చూడనే లేదు.

"అంటే ఇన్నాళ్ళూ నువ్వు చూస్తూనే ఉన్నావా?"

"వంటగదిలో."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడిగారా?"

ఆయన కాలు మడిచి సోఫా మీద పెట్టుకుని, పూర్తిగా నా వైపు తిరిగి, మొన్న జంటల ఆటలో మూడో బంతిని బల్ల అంచుకు తాకించి ఎందుకు వేశాడంటావని అడిగారు. ఆట గురించి ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. తిన్నగా వేస్తే తెల్ల బంతి పక్కవాడికి అందని మూలకు పోతుందని చెప్పాను. కాదన్నారు. టీపాయ్ మీద వేలితో గీసి చూపించాను. అవునే అని, ఇంకోటి అడిగారు.

ఆయన వీపు అవతల మరిది ఒక మాట కలపబోయాడు. ఎవరూ వినలేదు. తన ఫోన్ తీసి, అందులో ఏమీ రాకపోయినా వేలితో పైకీ కిందకీ జరుపుతూ కూర్చున్నాడు. మధ్యమధ్య తలెత్తి మా ఇద్దరినీ చూస్తున్నాడు. వారమంతా వంటగది గుమ్మంలోంచి నేను చూసిన చూపే అది. జాలేసింది. అయినా లేవలేదు.