ఇరాను రాజుకి మా అత్త పంపిన కబురు

మొన్న సాయంత్రం మా మనవడు రేడియో చెవికి ఆనించుకుని కూర్చుని, "మామ్మా, ఇరాను రాజు దేశం వదిలి పారిపోయాడు. ఉండడానికి ఎవరూ చోటివ్వడం లేదట" అన్నాడు. నేను చేటలో చింతపిక్కలు ఏరుతున్నాను. "ఏ రాజురా? టోపీల రాజేనా?" అన్నాను. వాడు తెల్లబోయాడు. విశాఖపట్నంలో కాలేజీ చదువుతున్నాడు కదా, అరకు కొండమీద కూర్చున్న ముసలమ్మకి ఇరాను సంగతి ఏం తెలుస్తుందిలే అని వాడి ధీమా. తేరుకుని, "ఇతను ఆ రాజు కొడుకు" అన్నాడు. కొడుకైతే మరీ మంచిది. "మనింటికి ఆ దేశంతో నేస్తరికం ఉన్నాదిరా, ఇలా వచ్చి కూర్చో" అన్నాను. వాడు రేడియో గొంతు తగ్గించాడు గాని పూర్తిగా కట్టెయ్యలేదు. ఈ కాలంలో ఆ మర్యాద చాలు.

నేను పార్వతీపురంలో పుట్టి, మిషన్ బోర్డింగులో చదువుకుని, పెళ్ళయి ఈ కొండెక్కాను. మా ఆయన ఇక్కడి మిషన్ బడిలో పంతులు. కొండబిడ్డే, మిషన్ దొరసాని చదివిస్తే చదువుకున్నాడు. ఆయన ప్రభువును నమ్ముకున్నాడు గాని వాళ్ళమ్మ, అంటే మా అత్త, ఊరి తల్లినే నమ్ముకుంది. ఆదివారం కొడుకు గంట కొడితే వచ్చి వెనక వరసలో కూర్చునేది. పాటలు బాగుంటాయట. పొట్టి మనిషి. మోకాళ్ళ పైకి కట్టిన చీర, ముక్కుకి రెండువైపులా నత్తులు, ఎప్పుడూ అడ్డపొగ. అడ్డపొగ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. చోళ్ళు, అదే రాగులు, విసురుతూ, పిల్లల్ని తిడుతూ, నవ్వుతూ కూడా ఆ నిప్పు ఆరకుండా ఉంచేది. ఆ నోట్లోంచి మాట ఎలా వస్తుందా అని నేను పెళ్ళయిన కొత్తలో గుడ్లప్పగించి చూసేదాన్ని.

ఆ చుట్టే మా నేస్తరికానికి మూలం. నేను కాపురానికొచ్చిన ఏడు, వేసవి చివర, సంతలోకి గుర్రాలవాళ్ళు దిగారు. దొరలు వాళ్ళ దేశాన్ని పర్షియా అనేవారు, వాళ్ళు ఇరాన్ అనేవారు, మావాళ్ళు మాత్రం గుర్రాలోళ్ళు అని ఊరుకున్నారు. కత్తులు, కత్తెరలు, పూసలు, అద్దాలు పరిచి కూర్చున్నారు. వాళ్ళకి పెద్ద ఒక ఆడమనిషి. మా ఆయన కంటే జానెడు ఎత్తు, ఒకదానిమీద ఒకటి కట్టిన పరికిణీలు, ఎండకి రాగిచెంబు రంగు తిరిగిన మొహం. మొగుడు పోయాడు. ఇద్దరు కొడుకులు, ఒక కోడలు, గుర్రాలు, ఒక నల్ల గుడారం ఆవిడ సంసారం. మా అత్త ఒక కత్తి చూసి, సంచెడు చోళ్ళు ఇస్తానని బేరం మొదలుపెట్టింది. ఆవిడ బేరం సంగతి మరిచిపోయి మా అత్త నోటికేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత చెయ్యి చాచి ఆ చుట్ట అడిగింది. తిప్పి నోట్లో పెట్టుకుంది. నాలిక చుర్రుమని గట్టిగా ఒక కేక పెట్టింది చూడండి, సంతలో మేకలు బెదిరాయి. ఇద్దరూ నేలమీద చతికిలబడి నవ్వారు. కత్తికి ఎన్ని చోళ్ళు ఇచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు.

గుడారం మా వలిసె నూనెగింజల చేను పక్కనే వేసుకున్నారు. రోజూ పొద్దున్న ఆవిడ వచ్చి మా అరుగుమీద కూర్చునేది. హిందుస్తానీ కొంత, సంతల్లో పట్టుకున్న తెలుగు కొంత, మిగతాది చేతులు. అలా చెప్పుకొచ్చింది తన కథ. వాళ్ళ దేశంలో కొత్త రాజు వచ్చాడు. మొన్నటిదాకా సిపాయిగా ఉన్నవాడేనట. గద్దె ఎక్కగానే, గుడారాల్లో తిరిగే జనమంతా మట్టి ఇళ్ళు కట్టుకుని ఒకచోట పడుండాలన్నాడు. మగవాళ్ళు తలపాగా తీసేసి, తను చెప్పిన టోపీయే పెట్టుకోవాలన్నాడు. వయసు కుర్రాళ్ళంతా పల్టనులో చేరాలన్నాడు. ఆవిడ బావగారు తలపాగా తియ్యనంటే సిపాయిలు నడివీధిలో కొట్టారట. గుడారాలు కోసేశారట. "మా ఇల్లు గుర్రం మీద. రాజు అంటాడు, నేల మీద పెట్టు" అని చెప్పి ఆవిడ నేలమీద అరచెయ్యి గట్టిగా కొట్టి చూపించింది.

మా అత్తకి ఆ దేశం ఎటువైపుందో తెలీదు. సముద్రం కూడా చూడలేదు. కానీ పోడు కొట్టొద్దని గొడ్డళ్ళు లాక్కెళ్ళే అడవి గార్డుని చూసింది. రోడ్డు పనికి రమ్మని మనుషుల్ని ఇళ్ళలోంచి ఈడ్చుకెళ్ళడం చూసింది. అంచేత ఆవిడకి అర్థం కానిదేమీ లేకపోయింది. "ఆ రాజుకి కూడా అడివి గార్డులున్నారేటి?" అని అడిగింది. ఉన్నారని ఆ పొడుగు మనిషి తలూపింది. "అయితే ఆడూ మా ముఠాదారు లాటోడే. కొండ పెద్దది, అంతే" అని తేల్చేసింది మా అత్త. ముఠాదారంటే సర్కారు తరఫున చుట్టుపక్కల ఊళ్ళమీద పెత్తనం చేసేవాడు. ఆ తర్వాత పేపర్లలో, పుస్తకాల్లో ఆ ప్రభుత్వం గురించి చాలానే చదివాను గాని, మా అత్త చెప్పినదానికి కలపవలసింది నాకు పెద్దగా కనబడలేదు.

వానలకి ముందు ఇద్దరూ నేస్తం కట్టారు. ఇది మా కొండల్లో ఆనవాయితీ. రక్తసంబంధం లేని ఇద్దరు ఊరి పెద్దల ముందు ఒకరికొకరు బట్ట పెట్టుకుని, ఒకరి దోసిట్లో ఒకరు బియ్యం పోసుకుంటారు. ఆనాటి నుంచి ఒకరినొకరు పేరుపెట్టి పిలవకూడదు, నేస్తం అనే అనాలి. ఒక ఇంట్లో చావైతే రెండో ఇల్లు కూడా మైల పట్టాలి. కొత్తపంట తినేనాడు నేస్తం ఎంత దూరాన ఉన్నా ఆకు వేసి వడ్డించాలి. మా ఆయనకి మహా ఇబ్బంది వచ్చిపడింది. వాళ్ళమ్మ నిలబడేది ఊరి తల్లి గుడి ముందు, నేస్తమేమో తురక మతం, తనేమో మిషన్ పంతులు. చివరికి మా అత్త కోడిని కోసింది, ఆవిడ చేతులు చాచి దువా చేసింది, మా ఆయన పక్కన నిలబడి కళ్ళు మూసుకుని పరలోక ప్రార్థన చెప్పుకున్నాడు. భోజనానికి ముఠాదారు పిలవకుండానే వచ్చాడు. కోడికూర వాసన ఆయన్ని ఎంత దూరం నుంచైనా లాక్కొచ్చేది.

వానలు పట్టాక డిప్యూటీ తాసిల్దారు డోలీలో దిగాడు. కొండల్లో పెద్ద పితూరీ జరిగి అణిగిపోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. కత్తులు అమ్ముకునే పరాయివాళ్ళు కొండమీద ఉన్నారంటే సర్కారుకి నిద్రపట్టదు. ఆయన చెడ్డవాడు కాదు, తడిసిపోయి ఉన్నాడు. మా అరుగుమీద కూర్చుని హుకుం చెప్పాడు: గుర్రాలవాళ్ళు ఆ రోజే ఘాటీ దిగిపోవాలి. "బొంబాయిలో వీళ్ళ దేశం తరఫున అధికారి ఉన్నాడు. కాగితాలు లేనివాళ్ళు మావాళ్ళు కారు పొమ్మన్నాడు. మావాళ్ళేనని తేలితే ఓడ ఎక్కించండి, కుర్రాళ్ళు పల్టనుకి పనికొస్తారన్నాడు. రెండిట్లో ఏదైనా సరే, ముందు కొండ దిగాలి" అన్నాడు. మా ఆయన ఆ మాటలు తల్లికి విడమరిచి చెప్పాడు.

గుడారం ఆవిడ కోడలికి నెలలు నిండి ఉన్నాయి. ఘాటీలో గెడ్డలన్నీ పొంగుతున్నాయి. గుర్రం మీద దిగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆ పొడుగు మనిషి గుమ్మం పక్కన కోడలి భుజంమీద చెయ్యి వేసి నిలబడింది. ఎవరినీ బతిమాలలేదు. ఆ మొహం చూస్తే ఆవిడకి ఇలా నిలబడడం ఇది మొదటిసారి కాదని తెలిసిపోతోంది.

మా అత్త నోట్లో చుట్ట తీసింది. ఆవిడ చుట్ట తీసి మాట్లాడడం నేను చూడడం అదే మొదలు. "ఎలిపొమ్మంటే ఎక్కడికెల్తాది బాబూ? ఆ రాజు నా మనిసి కాదన్నాడు. మీరూ కాదంటన్నారు. నా మనిసే. నా నేస్తం. నా ఇంటి మనిసిని నాను పంపను" అంది. తాసిల్దారు ముఠాదారువైపు తిరిగి, "ఏమయ్యా, ఈ నేస్తం గొడవ నిజమేనా?" అన్నాడు. ముఠాదారు ఎప్పుడూ సర్కారు గొంతుకే తందాన అనేవాడు. ఆ రోజు మాత్రం మెడ గోక్కున్నాడు, చూరుకేసి చూశాడు. నేస్తం కోడి తిన్నవాడు సాక్షి. కాదంటే చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఎవరూ అతన్ని పంక్తిలో కూర్చోనివ్వరు. "నానేటి సేత్తాను బాబూ, కోడి తినేసినాను" అన్నాడు ఏడుపు మొహంతో.

"ఇంకెవరు తిన్నారు?" అన్నాడు తాసిల్దారు. వానలో నిలబడ్డ ఊరంతా చేతులెత్తింది. ఆయన డోలీ మోసుకొచ్చినవాళ్ళు మా ఊరివాళ్ళే, వాళ్ళూ ఎత్తారు. మా ఆయన చొక్కా సర్దుకుని, "నేను కూడా తిన్నానండి" అన్నాడు. ఇంగ్లీషులో అన్నాడు. గర్వంతో నా గుండె ఉబ్బిపోయింది. నేనూ చెయ్యెత్తాను. మా అత్త ఆ సందులో సొరకాయ బుర్రతో అంబలి తెచ్చి తాసిల్దారుకి అందించింది. ఆయన చలికి వణుకుతూ చెయ్యి చాచి, తాగితే తనూ సాక్షి అయిపోతానని గుర్తొచ్చినట్టు బేగి వెనక్కి తీసేసుకున్నాడు. ఊరంతా ఘొల్లున నవ్వింది. ఆయనా నవ్వేశాడు. ముఠాదారు జామీను మీద, పంటలు ఇంటికి చేరేదాకా ఉండొచ్చన్నాడు.

డోలీ లేచేముందు మా అత్త ఎదురెళ్ళింది. "బొంబాయి బాబు చేత ఆ రాజుకి కబురెట్టండి. ఆయన వొద్దన్న మనిసి మా ఇంట్లో అంబలి తాగతన్నాదని సెప్పండి. తలకి ఏటి కట్టుకున్నాదో మేం అడగలేదని కూడా సెప్పండి" అంది. ఆ కబురు ఎంతదూరం వెళ్ళిందో నాకు తెలీదు. మా అత్త మాత్రం జవాబు కోసం చాలా రోజులు ఎదురుచూసింది.

ఆ వారంలోనే మా పొయ్యిగదిలో ఆడపిల్ల పుట్టింది. బొడ్డు కోసింది మా అత్తే, సంతలో బేరమాడిన ఆ కత్తితోనే. వలిసెలు పూసి, కోతలయ్యాక, మాట ప్రకారం వాళ్ళు జయపురం వైపు కదిలారు. ఆవిడ నల్ల గుడారంలో ఒక చెరగు కోసి మా అత్త భుజంమీద వేసింది. గుడారాన్ని సిపాయిలు కొయ్యడం వేరు, తన చేత్తో కోసి ఇవ్వడం వేరు. ఆ తర్వాత వాళ్ళు మళ్ళీ రాలేదు. ఎటు పోయారో, ఏ దేశం వాళ్ళని మావాళ్ళందో, తెలీదు. మా అత్త బతికినన్నాళ్ళూ కొత్తపంటనాడు నేస్తానికి ఆకు వేసింది. ఆవిడ పోయినప్పుడు ఆ చెరగే ఆవిడమీద కప్పాము. ఆ తర్వాత ఆకు వెయ్యడం నా వంతయింది. మా పాస్టరుగారు ఒకసారి ఇదేమిటమ్మా అని అడిగారు. మా అత్త చుట్టాలకండీ అన్నాను, ఊరుకున్నారు.

మా మనవడు అంతా విని, "ఇప్పుడు అక్కడ కొత్తగా గద్దెక్కినవాళ్ళు ఆడవాళ్ళు తలగుడ్డ కప్పుకోవాలంటున్నారట మామ్మా" అన్నాడు. అప్పుడు మగవాళ్ళ తలలు, ఇప్పుడు ఆడవాళ్ళ తలలు. తలమీద ఏముందన్న బెంగ ప్రభుత్వాలకి ఎన్నటికీ తీరదు కాబోలు. వాడు రేడియో కట్టేసి, "ఆ పాప ఇప్పుడు ఎక్కడుంటుందో?" అన్నాడు. ఉంటే యాభై దాటి ఉంటుంది, మనవలు పుట్టి ఉంటారు. ఆ పిల్ల నాన్నమ్మని కాదు పొమ్మన్న రాజు కొడుక్కి ఈవేళ భూమ్మీద కాలు పెట్టడానికి చోటు లేదు. ఇన్నేళ్ళు గడిచినా ఆ పిల్లకి మాత్రం ఈ కొండమీద ఒక ఆకు వేసే ఉంది, రేపు కొత్తపంటకి మా మనవడు వేస్తానన్నాడు.